మూత విప్పనిదే మార్కు వెయ్యడు

“మూతలు తీసుడేంది లతీఫ్ భాయ్! పదమూడు డబ్బాలున్నయి. ఒక్కొక్కటి తీస్కుంట కూసుంటే పొద్దుమీకుతది.”

“మీకనీయ్ సార్. లోపట సూడకుంట మార్కులెట్లేస్త?”

“లైటు ఎలుగుతుందా, ఫ్యాను తిరుగుతుందా సూడు. పిల్లలు చెప్పేది ఇను. మార్కెయ్యి. గంతే.”

“లైటు ఎవలైనా ఎలిగిస్తరు సార్. బజార్ల దొరుకుతది.”

“వైర్లు ఊడినయనుకో, రేపు వాళ్ళ అవ్వయ్యలు నా మీదికొస్తరు!”

“ఊడితే నేనే అతుకుత. గందుకే పనిముట్లు తెచ్చుకున్న. గట్ల వద్దంటే చెప్పున్రి, కోరుట్ల బస్సు ఇంకా పోలే.”

జగిత్యాలలో ఒక పాలిటెక్నిక్ కాలేజీ స్టాఫ్‌రూం అది. లోపల అరుచుకుంటున్నది ఇద్దరు. మొదటివాడు లెక్చరర్ హన్మంతు సార్, పిల్లలు సొంతంగా చేసిన పరికరాలకు పోటీ పెట్టినాయన. రెండోవాడు లతీఫుద్దీన్, కోరుట్లలో టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే మెకానిక్, ఆ రోజుకు జడ్జి. బయట వరండాలో పనిముట్ల పెట్టె పట్టుకుని నిలబడ్డవాడు వినోద్. లతీఫ్ దుకాణంలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆ నాలుగేళ్ళలో ఎవరితో కొట్లాట వచ్చినా అతను ఉస్తాద్ వైపే. ఇవ్వాళ మాత్రం హన్మంతు సారే గెలవాలని దేవుళ్ళందరికీ మొక్కుతున్నాడు.

ఎందుకంటే ఆ పదమూడు పెట్టెల్లో తొమ్మిదో నంబరుది వినోద్ చేసింది. దాని పక్కన నిలబడ్డ పిల్లవాడు మధు, సిరిసిల్లలో ఉండే వినోద్ చిన్నమ్మ కొడుకు. స్క్రూలు ఎటు తిప్పితే వదులవుతాయో కూడా వాడికి తెలియదు.

ఉస్తాద్ మూత విప్పితే పట్టేస్తాడు. పట్టుకోకపోతే అది ఇంకా ఘోరం. ఆ పెట్టెకు ఫస్టు ప్రైజు ఇస్తాడు. రేపు ఎవడో ఒకడు కూపీ లాగుతాడు. ‘జడ్జి దుకాణంల తయారైన డబ్బాకే జడ్జి ఫస్టు ఇచ్చుకున్నడు’ అని కోరుట్ల బస్టాండు దగ్గర చాయ్ తాగే ప్రతివాడూ అంటాడు. ముప్పయ్యేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది. ఆ పేరు తప్ప లతీఫ్‌కు వేరే ఆస్తి కూడా లేదు.

లతీఫ్ చదివింది ఏడో తరగతి. వాళ్ళ అబ్బా గొడుగులు, తాళాలు బాగుచేసేవాడు. కొడుకు రేడియోల దగ్గర మొదలుపెట్టి టీవీలకు, అక్కణ్ణుంచి ఇన్వర్టర్ బోర్డులకు వచ్చాడు. దుకాణానికి బోర్డు లేదు. గిరాకి ఏ వస్తువు తెచ్చినా వాళ్ళ ముందే మూత విప్పుతాడు. కాలిన ముక్కను చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి వాళ్ళ చేతిలోనే పెడతాడు. ఒకసారి లసుమవ్వ అనే ముసలామె మిక్సీ తెచ్చింది. కవరు చేతిలో పెట్టగానే ఎగాదిగా చూసింది.

“గీ బొగ్గుముక్కతోని ఏం జేసుకోవాలె సాబూ? పండ్లు తోముకోవాలెనా?”

“నీదే కద అవ్వా, ఇంటికి తీస్కపో. రేపు నా మీద అనుమానమొస్తే ఇంకో మెకానిక్కు చూపియ్యి.”

ఈ పద్ధతి అతనికి సౌదీలోని దమ్మాంలో పట్టుబడింది. అక్కడ ఏడేళ్ళు ఏసీ మెకానిక్‌గా చేశాడు. ఒకరోజు పెద్ద బంగళాలో ఏసీ బోర్డు కాలింది. ఫోర్‌మన్ నలుగురిని వరసలో నిలబెట్టి, ముఖాలు చూసి, వేలు లతీఫ్ మీద పెట్టాడు. మూత విప్పి చూడమని లతీఫ్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఎవడూ విప్పలేదు. వారం తిరక్కుండానే ఇంటికి పంపించారు. ఆరు నెలలకు తోటివాడు ఫోన్ చేసి చెప్పాడు, లోపల బల్లి కాలి అతుక్కుని ఉందని. ఈ ముచ్చట లతీఫ్ ఎన్నడూ కోపంగా చెప్పడు. కోపమంతా అతని భార్య రాబియా బీది. “బల్లి చేసిన పనికి మనిషిని విమానమెక్కించిన్రు” అంటుంది, అన్నం వడ్డిస్తూ.

అలాంటి మనిషి దగ్గర వినోద్‌కు ఎందుకు పొసగిందంటే, అతనిదీ అదే రోగం. ఇంజనీరింగ్ రెండో ఏడు ల్యాబులో, మిషన్ పనిచెయ్యకపోయినా సరే, పుస్తకంలో ఉన్న అంకెలే రికార్డులో రాయమన్నారు. ‘పనిచెయ్యని మిషన్‌కు రీడింగ్ ఎట్లొస్తది సార్’ అన్నాడు. రాసేవాడు పాసవుతాడన్నారు. లేచి వచ్చేశాడు, మళ్ళీ పోలేదు. ఒక్కచోట కుదురుగా కూర్చోలేడు, నోట్లో మాట దాచుకోలేడు. వాళ్ళ నాయన వెంకటేశం సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. ఆ మరమగ్గాల షెడ్డులో నూలు నూగు లేచి గాలిలో తేలుతూ ఉంటుంది. ఇంటికొచ్చాక కూడా ఆయన దగ్గు ఆగదు. ఆ దగ్గు వినీ వినీ వినోద్ ఒక పెట్టె చేశాడు. ఒక పక్క చిన్న బల్బు, ఎదురుగా దాని వెలుతురును కొలిచే కన్ను. నూగు పెరిగితే వెలుతురు తగ్గుతుంది, గంట మోగుతుంది, గాలిని బయటికి తోసే ఫ్యాను దానంతటదే తిరుగుతుంది.

పోటీ ఫారం తెచ్చుకుని చూస్తే, కాలేజీ గుర్తింపు కార్డు లేనివాళ్ళు పనికిరారని రాసుంది. చదువు మానేసినవాడికి బుర్ర కూడా మానేస్తుందని వీళ్ళకు ఎవరు చెప్పారో! ఒళ్ళు మండింది. పెట్టెను మధు చేతిలో పెట్టి, “నీ పేరు మీద పెట్టురా. నా పని ఒక్కసారన్న నలుగురి ముందట బల్ల మీదుండాలె” అన్నాడు. అది మూడు వారాల కిందటి మాట. అప్పటికి జడ్జి వేరే ఊరి ప్రొఫెసర్. రెండు రోజుల కింద ఆయన రానన్నాడు. హన్మంతు సార్‌కు తన ఇంటి ఇన్వర్టర్ బాగుచేసిన మెకానిక్ గుర్తొచ్చాడు. పిల్లలు రాసిన ఫైలుకు మార్కులు సార్ వేస్తాడు, పనితనానికి లతీఫ్. అసలు లెక్కంతా పనితనం దగ్గరే.

చెప్పేస్తే అయిపోయేది. ఆ రెండు రోజుల్లో వినోద్ పదిసార్లు నోరు తెరిచాడు. దొంగకు తేలు కుట్టినట్టు పదిసార్లూ మూసుకున్నాడు. పొద్దున బస్సులో ఖాయంగా చెబుదామనుకున్నాడు. కిటికీ పక్కన కూర్చున్న ఉస్తాద్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, జేబులో రెండు పెన్నులు పెట్టుకున్నాడు.

“రెండెందుకు ఉస్తాద్?”

“ఒకటి రాయకపోతే? రాత్రి నాకు నిద్ర పట్టలేదురా. పిల్లల కష్టం తెచ్చి నా చేతుల పెట్టిన్రు. ఎవలకన్న అన్యాయమైతదేమోనని భయమైతుంది.”

ఇక ఆ మనిషికి ఏం చెబుతాడు?

స్టాఫ్‌రూం తలుపు తెరుచుకుంది. హన్మంతు సార్ నుదురు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

“మీ ఉస్తాద్ గిట్ల మొండోడని ముందుగాల చెప్పొద్దా వినోద్?”

“ఏమైంది సార్?”

“ఏమైతది? మూతలు తీస్తడట. పో, గా చిన్న స్క్రూడ్రైవర్లు తీసిపెట్టు.”

వినోద్ పనిముట్ల పెట్టె కింద పెట్టి, మెట్ల వెనక్కి పోయి మధుకు ఫోన్ చేశాడు.

“అరేయ్, గా డబ్బ తీస్కొని ఇంటికి పో. ఫ్యాన్ కరాబైందని చెప్పు.”

“ఏందన్నా! బాపు, చిన్నబాపు అందరొచ్చిన్రు. స్టేటస్ గూడ పెట్టుకున్నరు.”

“పెడితే పెట్టిన్రు తియ్ రా! మూతలు తీస్తున్నరు.”

“తీస్తే తియ్యనీ. అందరికన్న మనదే మంచిగున్నదన్నా. హన్మంతు సార్ రెండుసార్లు వచ్చి సూసిండు.”

“మంచిగుంటేనే కదరా భయం…”

ఫోన్ పెట్టేశాడు వాడు. వినోద్‌కు పెట్టె లోపల ఏముందో కళ్ళు మూసుకున్నా కనిపిస్తోంది. వైర్లను కట్టగట్టడానికి అందరూ ప్లాస్టిక్ పట్టీలు వాడతారు. వినోద్ సాంచాల దారం వాడతాడు. తెగిన పోగును నాయన రెండు వేళ్ళతో ఎలా అతుకుతాడో అదే ముడి వేస్తాడు. అది చిన్నప్పటి అలవాటు, చేతులు వాటంతటవే వేసేస్తాయి. ‘వైర్లకు గూడ చీర కడ్తవారా’ అని ఉస్తాద్ నాలుగేళ్ళుగా నవ్వుతున్నాడు. తొమ్మిదో నంబరు పెట్టెలో అలాంటి ముళ్ళు ఆరున్నాయి. సంతకం పెట్టినా అంత స్పష్టంగా ఉండదు.

చాయ్‌కని అందరూ క్యాంటీన్ వైపు పోయారు. హాలు ఖాళీ అయింది. అతను కటింగ్ ప్లేయర్ జేబులో వేసుకుని లోపలికి నడిచాడు. ఆరు ముళ్ళు కోసెయ్యడం రెండు నిమిషాల పని. తొమ్మిదో నంబరు మూత మొదటి స్క్రూ విప్పాడు. రెండోది విప్పుతుంటే స్క్రూడ్రైవర్ గాడిలో కుదరక టకటకమంది.

“అన్నా, నువ్వు జడ్జి సార్‌తోని వచ్చినవ్ కదా?”

స్క్రూ కిందపడి బల్ల కిందికి దొర్లింది. వెనక ఏడో నంబరు బల్ల చాటున, నేల మీద, ఒక అమ్మాయి కూర్చుని టిఫిన్ డబ్బాలో పులిహోర తింటోంది.

“ఆ… చెక్ చేస్తున్న. నువ్వు చాయ్‌కు పోలేదా?”

“పోతే దీన్ని ఎవలన్న ముట్టుకుంటరని భయమన్నా. నాది ఒక్కసారి ఊడితే మళ్ళ పెట్టుడు కష్టం.” ఆమె లేచి వంగి, స్క్రూ వెతికి తెచ్చి అతని చేతిలో పెట్టింది. “నా పేరు గీత. కొడిమ్యాల. మూతలు తీస్తరట, నిజమేనా?”

“నీకు భయం లేదా?”

“ఎందుకు? తీస్తేనే మంచిది. పైనుంచి సూస్తే నాది చెత్తబుట్ట లెక్కున్నది. తీస్తే నేనే చేసిన్నని తెలుస్తది కద.”

నిజంగానే చెత్తబుట్టలా ఉంది. తాగేసిన నీళ్ళ సీసా, దాని లోపల తేలే బెండు, పాత ఫోన్ చార్జర్, చుట్టూ ఎంసీల్ ముద్దలు. కరెంటు ఉన్నంతసేపూ పొలం మోటరు దానంతటదే నడిచి, మడి నిండినా ఆగక, బోరు నీళ్ళు బాటల పాలవుతాయి. మడి నిండగానే మోటరును ఆపే పరికరం అది. వినోద్ వంగి చూశాడు. ఒక చోట అతుకు రెండుసార్లు తప్పి, మూడోసారి కుదిరింది. దాచుకోలేదు పిల్ల. తప్పులన్నీ అలాగే ఉన్నాయి.

తన పెట్టెకు, దీనికి మధ్య ఉస్తాద్ దగ్గర నాలుగేళ్ళ చదువు ఉంది. ఆ సంగతి అంతవరకు అతని బుర్రకు ఎక్కలేదు.

స్క్రూలు రెండూ బిగించేశాడు. ధర్మాత్ముడై కాదు. ఆ పిల్ల చూస్తుండగా చెయ్యి ఆడలేదు, అంతే.

చాయ్ తర్వాత లతీఫ్ మొదటి బల్ల దగ్గర మొదలుపెట్టాడు. పేర్ల మీద కాగితాలు అతికించి ఉన్నాయి, నంబర్లే కనిపిస్తాయి. ముందు స్విచ్ వేయించాడు. తర్వాత మూత విప్పాడు. తర్వాత ప్రతి పిల్లనీ పిల్లవాణ్ణీ ఒక్కటే అడిగాడు.

“బేటా, ఇది చేసేటప్పుడు ముందుగాల ఏం కాలింది?”

పిల్లలు మొదట నవ్వారు. తర్వాత ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. ఒకడు వేలు చూపించాడు. ఇంకొకడు హాస్టల్ ఫ్యూజు పోయి వార్డెన్ తరిమిన ముచ్చట చెప్పాడు. ఏడో నంబరు దగ్గర గీత చేతులు కట్టుకుని నిలబడింది.

“ముందుగాల అమ్మ ఫోన్ చార్జర్ కాలింది సార్. అటెనుక నా వీపు కాలింది.”

హాలంతా గొల్లుమంది. లతీఫ్ కూడా నవ్వాడు. టార్చి పట్టుకున్న వినోద్ ఒక్కడే నవ్వలేదు. ఇంకొక్క బల్ల. దాని తర్వాత తొమ్మిది.

మధు స్విచ్ వేశాడు. లతీఫ్ పనిముట్ల పెట్టెలోంచి తుడిచే దూది తీసి, పీకి, పెట్టె మీద దులిపాడు. గంట మోగింది. ఫ్యాను తిరిగింది. గాలి తేటపడగానే ఆగిపోయింది. చుట్టూ చప్పట్లు. హన్మంతు సార్ వెనకనుంచి, “గిది సూడు భాయ్, పనంటే గిట్లుండాలె” అన్నాడు. లతీఫ్ ముఖం వెలిగిపోయింది. మూత విప్పి లోపలికి వంగాడు.

వినోద్ టార్చి వేశాడు. వెలుతురు ముళ్ళ మీద పడింది. పడ్డచోట ఆగక అటూ ఇటూ ఊగింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు, ఐనా ఊగింది. ఉస్తాద్ మెడ వెనక నరం ఒకటి లేచి నిలబడటం అతనికి కనిపించింది.

చాలాసేపు వంగే ఉన్నాడు లతీఫ్. మిగతా పెట్టెల దగ్గర అంతసేపు లేడు.

“టార్చి సక్కగ పట్టు” అన్నాడు చివరికి, తలెత్తకుండానే. తర్వాత మధు వైపు తిరిగాడు. గొంతు ఎప్పట్లాగే ఉంది. “ముందుగాల ఏం కాలింది బేటా?”

“ఏం కాలలే సార్. ఫస్టుసారే మంచిగొచ్చింది.”

“ఏం కాలలేదా?”

“లేదు సార్.”

“నసీబ్ మంచిగున్నది నీది.”

కాలకపోవడమా! ఫ్యాను నడిపే ట్రాన్సిస్టర్ మూడుసార్లు కాలింది. మూడోసారి దుకాణమంతా వాసన నిండింది. ‘ఏం కాలవెట్టినవ్ రా’ అని ఉస్తాద్ లోపలినుంచి అరిస్తే, ‘గిరాకి మిక్సీ బోర్డు’ అన్నాడు వినోద్.

లతీఫ్ మూత పెట్టాడు. స్క్రూలు తనే బిగించాడు. పెన్ను తీసి కాగితం మీద ఆనించాడు, రాయలేదు. పదో బల్లకు పోయాడు. మిగిలిన నాలుగూ అదే తీరుగా చూశాడు, అదే ప్రశ్న అడిగాడు. వినోద్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ‘తిట్టినా బాగుండు, అందరి ముందట చెంప పగలగొట్టినా బాగుండు’ అనుకుంటూ టార్చి పట్టాడు వినోద్.

అన్నీ అయ్యాక లతీఫ్ కాగితం పట్టుకుని వరండా చివరికి నడిచాడు. కాళ్ళు ఈడ్చుకుంటూ వినోద్ వెనకే పోయాడు. లోపల పిల్లలు కుర్చీలు జరుపుకుంటూ ఫలితం కోసం కూర్చుంటున్నారు.

“ఉస్తాద్…”

“మిక్సీ బోర్డన్నవ్.”

“స్టూడెంటయితేనే రావాలెనట. నేను కాదు. మరి నా పని ఎవలు సూడాలె ఉస్తాద్? మిమ్మల్ని పిలుస్తరని నాకేమెరుక?”

“పిలిచినంక ఎరుకైంది కద. రెండు దినాలు నా పక్కనే కూసొని బువ్వ తిన్నవ్.”

వినోద్ గోడకు ఆనుకున్నాడు.

“దుకాణం నుంచి ఎల్లగొడ్తరా?”

“నీకు నీ దుకాణం ముచ్చటనే ఉన్నది!” లతీఫ్ కాగితం ముందుకు చాపాడు. పన్నెండు గళ్ళలో అంకెలు. తొమ్మిదో గడి ఖాళీ. “సూడు. పదమూడింట్ల గంత మంచి పని ఇంకోటి లేదు, ఖుదా కసమ్. గదే నా భయం. పెన్ను పెట్టంగనే చెయ్యి పదికి పది ఎయ్యబోతుంది. నీదని ఎరుకైనంక ఎక్కువేసినా తప్పే, తక్కువేసినా తప్పే. నాకు నా చెయ్యి మీదనే నమ్మకం పోయింది. నీది సూసినంక నేనేసిన నాలుగూ సక్కగ ఏసిన్నా? ముందుగాల ఏసినయి గూడ ఎట్లేసిన్నో ఇప్పుడు గుర్తొస్తలేదు. ఆ ఫోర్‌మన్ గూడ గిట్లనే అనుకున్నడు కావచ్చు, నేను సక్కగనే సూస్తున్ననని.”

అతని చేతిలో కాగితం కొసలు కొట్టుకుంటున్నాయి. వరండాలో గాలి లేదు. ఉస్తాద్ చెయ్యి వణకడం వినోద్ ఎప్పుడూ చూడలేదు. సన్నటి తీగను ఊపిరి బిగబట్టకుండానే అతికే చెయ్యి అది.

“మీరే చెప్పున్రి హన్మంతు సార్‌కు,” అన్నాడు వినోద్. “లోపల మధు వాళ్ళ బాపున్నడు, చిన్నబాపున్నడు. గంతమంది ముందట నాతోని కాదు. భయమైతుంది ఉస్తాద్.”

“నేను చెప్తే నేను చేతులు దులుపుకున్నట్టే అయితది, పిల్లగాడు దొంగ అయితడు. నువ్వు మంచిగ తప్పించుకుంటవ్.”

“రేపు కోరుట్లల మిమ్మల్ని ఏమంటరో…”

“అంటరు. అననీయ్.”

హాలు తలుపులోంచి హన్మంతు సార్ తొంగిచూశాడు. “అయిందా భాయ్? పిల్లలు ఆగుతలేరు!”

“వస్తున్నం సార్,” అన్నాడు లతీఫ్. కాగితం మడవకుండా వినోద్ చేతిలో పెట్టి, దాని మీద తన అరచెయ్యి ఒక నిమిషం అలాగే ఉంచాడు.

“గీ మార్కులన్ని కొట్టేసి, ఇంకొక జడ్జిని పిలిచి మళ్ళ మొదట్నుంచి సూపియ్యమని నువ్వే చెప్పు. నేను నీ పక్కనే నిలవడ్త. నాదొక్క మాట ఇను బేటా. ఆ పిల్లగానికి పదిహేడేండ్లు. ఆని పేరు ముందుగాల తియ్యకు. నీ పేరుతోని మొదలువెట్టు.”